ముడి ఆగిన చోటు

"చెప్పు లాగకమ్మాయ్. పొద్దున ఎక్కింది, ఇప్పుడు దిగదు," అన్నారు అత్తయ్య.

నేను గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ కుడికాలి చెప్పు పట్టీ విప్పుతున్నాను. పాదం ఉబ్బి, పట్టీ చర్మంలోకి దిగబడిపోయింది. ఎలాగో లాగేశాక నా బొటనవేలు నొక్కిన చోట గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

ఆటో అతను ఇంకా వెళ్ళలేదు. తప్పంతా తనదే అయినట్టు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"వంతెన కింద ఒక్క చక్రం కదిలితే ఒట్టమ్మా. పెద్దాయన దిగి నడుద్దామన్నారు. అమ్మగారు నాలుగడుగులు వేసి డివైడరు మీద కూర్చుండిపోయారు. నేనూ ఆయనా మోసుకొచ్చి మళ్ళీ ఆటోలో వేశాం."

"మోసుకురావడమేంటయ్యా, నేనేమన్నా బస్తానా?" అన్నారు అత్తయ్య కళ్ళు తెరవకుండానే. "చేతులు పట్టుకుని నడిపించారు. కథలు పెంచకు."

మామయ్య చేతిలో సంచి అలాగే ఉంది. అందులో ఒక దుప్పటి, ఒక చిన్న దిండు. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవడానికి అత్తయ్య తీసుకెళ్ళే సంచి అది. ఇవాళ దుప్పటి మడత విప్పకుండానే తిరిగొచ్చింది.

"పదింటికి మన మిషను," అన్నారు చివరికి. "ఎనిమిదింబావుకి బయలుదేరాం. నా లెక్క ప్రకారం తొమ్మిదీ ముప్పై అయిదుకి చేరాలి. చేరేసరికి పదకొండుకి ఇంకా పది నిమిషాలే. అరగంట దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇచ్చేశారు."

"మరి మళ్ళీ ఎప్పుడట మామయ్యా?"

"రేపు సాయంత్రం నాలుగింటికి. అప్పటిదాకా తాగే నీళ్ళు సగం చెయ్యమన్నారు. ఆయాసం ఎక్కువైతే ఆలోచించకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తమన్నారు."

"పరిగెత్తడం," అన్నారు అత్తయ్య. "ఈ ఊళ్ళో."

* * *

మామయ్య ఫోను చెయ్యగానే నేను సగంరోజు సెలవు పెట్టి బయలుదేరాను. కంటి ఆసుపత్రిలో కళ్ళజోడు నంబర్లు చూసే ఉద్యోగం నాది. అక్కడినుంచి ఇంటికి ఇరవై నిమిషాలు. వాళ్ళు ఇంకా రోడ్డు మీద ఉండగానే నేను ఇంట్లో ఉన్నాను.

ఇరవై నిమిషాలు. ఈ ఇంట్లోకి వచ్చిన పద్దెనిమిది రోజులుగా ఆ ఇరవై నిమిషాలని తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటున్నాను.

మా పెళ్ళయి అయిదు నెలలు. అందులో నాలుగు నెలల పైన మా ఆయన్ని నేను ట్యూబులైటు వెలుతురులోనే చూశాను. పాత ఇంట్లో ఆయన చీకటి ఉండగా సీసాల ఫ్యాక్టరీకి వెళ్ళి, నేను ఆవులిస్తూ కంచం పెట్టే వేళకి వచ్చేవారు. రోజల్లా పరాయివాళ్ళ కళ్ళలోకి టార్చి వేసి చూసేదాన్ని, సొంత మొగుడి కళ్ళు నల్లవి కావని, తేనెరంగువని, ఈ ఇంటికి వచ్చిన రెండో రోజు సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే తెలిసింది. ఒకరి మోకాళ్ళ మధ్య ఒకరు మోకాళ్ళు ఇరికించుకుంటే తప్ప ఇద్దరు పట్టని బాల్కనీ అది. ఇరికించుకునేవాళ్ళం. టీ చల్లారిపోయేది. చల్లారిన టీ అంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ టీ ఎవరి నెత్తిమీద కాచుకున్నానో ఇవాళ గుమ్మంలో కనిపించింది.

* * *

అత్తయ్యని మంచం మీద మూడు దిండ్లు ఆన్చి కూర్చోబెట్టాను. పడుకుంటే ఆయాసం వస్తోంది. గిన్నెలో ఒక ఐసుముక్క వేసి ఇస్తే, దాన్ని చెంపలోకి తోసుకుని చప్పరిస్తూ కూర్చున్నారు.

పక్కగదిలో స్టూలు లాగిన చప్పుడయింది. ఇంకో స్టూలు.

"ఏం చేస్తున్నారే ఆయన?"

"బోర్డు దించుతున్నారు అత్తయ్యా."

సరిగానే ఉన్న దిండుని మళ్ళీ సర్దాను.

ఈ ఇల్లు మాకు ఏ బ్రోకరూ చూపించలేదు. మామయ్య బోర్డు చూపించింది. ముప్పై ఎనిమిదేళ్ళు సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. మూడు నెలల కిందట కొడుకు రోజుకి నాలుగు గంటలు ట్రాఫిక్‌లో బండి తోలీ తోలీ, ఒక సాయంత్రం ఎర్రలైటు దగ్గర బండి మీదే నిద్రపోయి, పక్కకి ఒరిగి మెడ కింది ఎముక విరగ్గొట్టుకుంటే మామయ్య ఎవర్నీ తిట్టలేదు. వెళ్ళి స్టాప్‌వాచీ కొనుక్కొచ్చారు. మూడు వారాలు పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఆరింటికీ ఊళ్ళోని రోడ్లన్నీ బస్సుల్లో, ఆటోల్లో తిరిగారు. తర్వాత కిలోమీటర్లు పక్కనపెట్టి, నిమిషాలే కొలతగా ఊరి పటం గీశారు. అందులో పక్కవీధి మార్కెట్టు ఎక్కడో మూలకి పోయింది. ఊరవతలి రింగురోడ్డు మా గుమ్మంలోకి వచ్చింది.

ఆ పటాన్ని బోర్డుకి అతికించి, దాన్ని రెండు స్టూళ్ళ మీద పరిచి మూడు బెజ్జాలు వేశారు. ఉత్తరాన మా ఆయన ఫ్యాక్టరీ. తూర్పున నా ఆసుపత్రి. దక్షిణాన అత్తయ్య డయాలసిస్ సెంటరు. పాత ఇంటినుంచి అది నడిచి నాలుగు నిమిషాలు. మూడు దారాలని పైన ఒకే ముడిగా కట్టి, ఒక్కో కొసని ఒక్కో బెజ్జంలోంచి కిందికి దించి, కొసకి ఒక గుడ్డసంచి వేలాడదీశారు. సంచుల్లో ఇనప నట్లు. వారంలో ఒక మనిషి ఒకసారి వెళ్ళొస్తే ఒక నట్టు. మా ఆయనకి ఆరు. నాకు ఆరు. అత్తయ్యకి మూడు, తోడు వెళ్ళే మామయ్యకి మూడు, కలిపి ఒకే సంచిలో ఆరు. బరువులు ఎటు లాగాలో అటు లాగి, ముడి ఎక్కడ ఆగితే ఇల్లు అక్కడ చూసుకోవాలి. నలుగురి తిరుగుడూ కలిపితే అన్నిటికన్నా తక్కువయ్యే చోటు అదేనట.

"దీనికి కొడుకూ తెలీదు, కోడలూ తెలీదు. ఎవరికీ అన్యాయం చెయ్యదు," అన్నారు ఆ రోజు, ముద్దొచ్చేంత గర్వంగా. "కొత్త దారం సాగుతుంది. ఒకరోజు వదిలేసి రేపు సాయంత్రం చదువుదాం."

ఆ మర్నాడు పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ నేను బోర్డు కింద చెయ్యి పెట్టి, అత్తయ్య సంచిలోంచి రెండు నట్లు తీశాను.

దొంగతనం అనుకోలేదు. మామయ్య ఊరికే తోడు వెళ్తారు కదా, ఆయనకి ఆఫీసా, టైమా, ఆయన్నెందుకు లెక్కెయ్యడం అనుకున్నాను. ముడి మా వైపు ఒక్క అంగుళం జరిగితే చాలు, మా ఆయన వెలుతురుండగా ఇంటికొస్తారు అనుకున్నాను. సాయంత్రం చూస్తే అంగుళం కాదు, చాలా జరిగింది. దారం సాగిందేమో అని సర్దుకున్నాను. అత్తయ్యకి ఎనభై నిమిషాలు పడుతుందని చదివినప్పుడు మామయ్య గొంతు తడబడింది. "బోర్డు చెప్పాక ఇంకేముందండీ," అన్నారు అత్తయ్య. "సామాను కట్టండి."

* * *

"నా నిమిషాలే తప్పు," అంటున్నారు మామయ్య పక్కగదిలో, ఎవరితోనో కాదు, పటంతోనే. "వంతెన కింద ఎనిమిది నిమిషాలు వేశాను. ఎక్కడో తప్పు చదివాను."

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. "ఇవాళ ఏదో లారీ ఆగిపోయి ఉంటుంది మామయ్యా. రోజూ అలా ఉండదు కదా."

"ఇక్కడికొచ్చాక ఎనిమిదిసార్లు వెళ్ళాం తల్లీ. ఒక్కసారి కూడా గంటన్నరకి తగ్గలేదు. తిరిగొచ్చేటప్పుడు రెండుసార్లు ఆటోలోనే వాంతి చేసుకుంది. మీకు చెప్పొద్దంది."

మంచం మీదనుంచి అత్తయ్య అరిచారు. "ఏవండీ, నేనూ ఇంట్లోనే ఉన్నాను. పోయినావిడ గురించి చెప్పినట్టు చెప్పకండి."

ఆయనకి నవ్వు రాలేదు. "అన్నదమ్ములు గట్టు మీద కర్రలు పట్టుకుని నిలబడితే, గొలుసు పట్టుకుని వాళ్ళ మధ్య నడిచినవాణ్ణి. ఒక్క సరిహద్దు రాయి తప్పు పాతలేదు. సొంత పెళ్ళాం దగ్గరికి వచ్చేసరికి..."

"పెళ్ళిచూపుల్లోనే తప్పు కొలిచారుగా. అయిదడుగుల మూడంగుళాలన్నారు. నేను అయిదూ ఒకటి."

ఈ జోకుకి మామయ్య ఎన్నిసార్లు విన్నా నవ్వుతారు. ఇవాళ పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ముఖం అటు తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూశాను.

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. "అన్నం పెట్టనా మామయ్యా?" అన్నాను.

* * *

అయిదున్నరకి మెట్ల మీద మా ఆయన అడుగుల చప్పుడు వినిపించింది. ఇంత జరుగుతున్నా ఆ చప్పుడుకి నా గుండె సిగ్గులేకుండా ఎగిరింది.

హెల్మెట్ చేతిలో పట్టుకునే తల్లి మంచం దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. పాదం మీద వేలు పెట్టి నొక్కారు. గుంట చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"చేస్తే ఏం చేస్తావురా?" అన్నారు అత్తయ్య. "నువ్వూ వచ్చి ఆ వంతెన కింద ఇరుక్కుంటావు. నలుగురం కలిసి చీట్లపేక ఆడుకునేవాళ్ళం."

"ఇల్లు మారిపోదాం నాన్నా."

"ఎక్కడికి?" అన్నారు మామయ్య. "మళ్ళీ కొలవాలి. ఈసారి ప్రతి రోడ్డూ పదేసిసార్లు కొలుస్తాను."

"ఎన్నాళ్ళు కొలుస్తారు?"

"సరిగ్గా వచ్చేదాకా."

"ఈలోపు నేను టపా కట్టేస్తాను," అన్నారు అత్తయ్య ఐసుముక్క ఆ చెంపనుంచి ఈ చెంపకి మార్చుకుంటూ. "ఒక దారం తగ్గుతుంది. లెక్క సులువైపోతుంది."

కింద రోడ్డు మీద హారన్లు ఆగకుండా మోగుతున్నాయి.

మామయ్య ముక్కుతూ వంగి బోర్డు కింద కూర్చున్నారు. "ముందు సంచులు విప్పి, మొత్తం మొదటినుంచి..."

"మామయ్యా."

ఆయన తల ఎత్తారు.

"మీ నిమిషాలు తప్పు కాదు. నేను తీశాను. అత్తయ్య సంచిలోంచి రెండు. మర్నాడు పొద్దున." ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. తోడు వెళ్ళడం గురించి, అంగుళం గురించి. అవన్నీ నోట్లోనే పొడి అయిపోయాయి. "ఈయన తొందరగా ఇంటికొస్తారని," అని మాత్రం అన్నాను.

మామయ్య కోప్పడితే బాగుండేది. ఆయన ముందు నావంక చూసి, తర్వాత మెల్లగా సంచి ముడి విప్పి, నట్లు అరచేతిలోకి వొంపుకున్నారు. వేలితో జరిపారు.

"ఆరులోంచి రెండు తీస్తే నాలుగుండాలమ్మా," అన్నారు. "ఇక్కడ రెండే ఉన్నాయి."

నాకు అర్థం కాలేదు. అత్తయ్య కళ్ళు తెరిచి కొడుకు వంక చూశాక, నేనూ అటు చూశాను. ఆయన హెల్మెట్ లోపలి గుడ్డని వేలితో పీకుతున్నారు.

"నువ్వు కూడా తీశావా?" అన్నాను. పెద్దవాళ్ళ ముందు ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"నువ్వు డ్యూటీకి వెళ్ళాక," అన్నారు నేల చూస్తూ. "అప్పటికే రెండు పోయాయని నాకేం తెలుసు? ఆ బండి మీద మళ్ళీ నిద్రపోతానేమోనని రోజూ భయం వేసేది నాన్నా. కళ్ళు మూతలు పడకుండా చెంప కొరుక్కునేవాణ్ణి. రెండు నట్లేగా అనుకున్నాను."

"అమ్మకి ఎనభై నిమిషాలు అని నేను చదివినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు," అన్నారు మామయ్య. "నువ్వూ ఉన్నావు తల్లీ. ఇద్దరూ నా పక్కనే నిలబడి విన్నారు."

మా ఆయన హెల్మెట్ నేల మీద పెట్టారు.

"అడిగి ఉంటే నేనే విప్పి ఇచ్చేదాన్ని కదే," అన్నారు అత్తయ్య. ఎంత మెల్లగా అన్నారంటే, తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. "ఆరూ ఇచ్చేదాన్ని. నన్నడగాలని ఒక్కళ్ళకీ తోచలేదు."

* * *

నా రెండు నట్లు కళ్ళజోడు పెట్టెలో ఉన్నాయి. ఆయనవి పనిముట్ల డబ్బాలో. తెచ్చి మామయ్య చేతిలో పెట్టాం, బడిలో దొరికిపోయిన పిల్లల్లా.

ఆయన నాలుగూ సంచిలో వేసి కట్టి వదిలారు. పటం మీద ముడి కదిలింది. ఆగాగి, ఆగాగి దక్షిణంగా జరిగి ఒకచోట నిలిచింది. మామయ్య కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"ఫ్యాక్టరీకి డెబ్భై. కంటి ఆసుపత్రికి ముప్పై ఎనిమిది. సెంటరుకి యాభై." ముడి పక్కన వేలు పెట్టారు. "ఇక్కడ ఉండాల్సినవాళ్ళం మనం."

"అక్కడే చూద్దాం నాన్నా. రేపే వెళ్ళి చూస్తాను," అన్నారు మా ఆయన.

మామయ్య కత్తెర తీసుకుని దక్షిణం దారాన్ని ముడి దగ్గర కత్తిరించేశారు. బోర్డు కింద సంచి దబ్బుమని నేల మీద పడింది.

"రేపటి కోసం పాత ఇంటి ఓనరుకి మధ్యాహ్నమే ఫోన్ చేశాను. కింద ఒక గది ఖాళీగా ఉందట. మేమిద్దరం ఇప్పుడే వెళ్ళిపోతాం. రేపటి ట్రాఫిక్‌ని నేను నమ్మలేను." మిగిలిన ముడిని ఆయన వేలితో కాస్త పక్కకి జరిపారు. అది జరిపిన చోటే నిలబడిపోయింది. ఇంకో చోటికి జరిపారు. అక్కడా నిలబడింది. "రెండు దారాలూ ఒకే బరువైతే ఇంతే. ఈ రెండింటి మధ్య ఎక్కడ పెడితే అక్కడ ఆగుతుంది. మీ ఇష్టం ఇక."

"మీరిద్దరే ఎలా ఉంటారు? అమ్మని పట్టుకుని లేపాలన్నా మీవల్ల కాదు. నేనూ వస్తాను."

"అక్కడినుంచి ఫ్యాక్టరీకి వెళ్ళొస్తావా? ఎముక అతుక్కుని రెండు నెలలు కాలేదు."

"వెళ్ళొస్తాను."

"నేనూ వస్తాను అత్తయ్యా," అన్నాను. "రేపు సెంటరుకి నేను తీసుకెళ్తాను. ఇకనుంచి ప్రతిసారీ నేనే వస్తాను."

అత్తయ్య చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ అరచెయ్యి కూడా ఉబ్బి, మెత్తగా, చల్లగా ఉంది. క్షమించేశారని అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

"నువ్వు వద్దమ్మాయ్."

"అత్తయ్యా..."

"వాడు కొడుకు. వాడు చేసింది ఇప్పటికే సగం మర్చిపోయాను. ఏం చెయ్యను, కన్నాను. నీది ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలీడం లేదు." ఊపిరి కోసం ఆగారు. "నువ్వు మంచిపిల్లవే. నువ్వు నా కాళ్ళు పడుతుంటే, ఆ చేతులే కదా అనిపిస్తుంది. రేపు ఆ మిషను పక్కన నాలుగు గంటలు అలా పడుకోలేను."

నేను మా ఆయన వంక చూశాను. నావి రెండు, ఆయనవి రెండు. సమానంగానే తీశాం. ఆ ఒక్క మాట ఆయన తల్లితో అంటారని ఎదురుచూశాను. అనకపోయినా నా పక్కన వచ్చి నిలబడతారనుకున్నాను.

"ఇప్పుడు బయలుదేరితే ఎంతసేపు పడుతుంది నాన్నా?" అని అడిగారాయన.

"తెలీదురా," అన్నారు మామయ్య.

ఆయన లోపలికి వెళ్ళి దుప్పటి సంచి తెచ్చి, మంచం మీద పెట్టి, అందులో తల్లి మందులు సర్దారు. వాటి మీద తన చొక్కాలు రెండు మడిచి పెట్టారు. రెండు చొక్కాలంటే రెండు రోజులు, శనివారానికి వచ్చేస్తారు అని లెక్కేసుకున్నాను. నేను నిలబడే ఉన్నాను. నావంక చూడకుండానే మళ్ళీ లోపలికి వెళ్ళారు.

బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆయన చొక్కాల హ్యాంగర్లు ఒకదాని తర్వాత ఒకటి కమ్మీ మీద జరుగుతున్న చప్పుడు.